కాలర్ ఎముక కింద రెండున్నర అంగుళాలు

ఆమెది ఎడమచేతి వాటం. ఆస్పత్రిలో ఆ సంగతి ఎవరూ అడగలేదు. పేరడిగారు, వయసడిగారు, ఏ మందులు పడవో అడిగారు, కట్టుడు పళ్ళేమైనా ఉన్నాయా అని నోరు తెరిపించి మరీ చూశారు. ఏ చేత్తో పని చేస్తారని మాత్రం ఎవరికీ అడగాలనిపించలేదు. ఆమెకూ చెప్పాలని తోచలేదు. గుండెకి పెట్టే పెట్టెకీ చేతివాటానికీ లంకె ఉంటుందని ఎవరనుకుంటారు?

చుట్టుపక్కల వీధుల్లో ఆమెని నిచ్చెనక్క అంటారు. కర్టెన్లు బిగించడం ఆమె పని. మొగుడు దర్జీ. ఇంటి ముందుగదిలో కూర్చుని కర్టెన్లు ఆయన కుడతాడు, వాటిని మోసుకెళ్ళి గోడలకి రాడ్లు బిగించి ఈమె తగిలిస్తుంది. ఎవరింటి తలుపు తట్టినా మొదట ఒకటే తంతు. ఇంటావిడ తలుపు తీసి, ఈమె భుజం మీది నిచ్చెన చూసి, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగి చూసేది.

"పనివాళ్ళు రాలేదా?"

"వచ్చాను కదండీ. కిటికీ ఎటు?"

పెళ్ళయిన కొత్తలో బిగించడానికి వేరే మనిషి ఉండేవాడు. ఒకరోజు అతను రాలేదు. దర్జీకేమో స్టూలెక్కి బల్బు మార్చాలన్నా కాళ్ళు వణుకుతాయి. పొట్టి మనిషి, మెత్తటి మనిషి. కుర్చీలో కూర్చున్నంత సేపూ ఆయన చేతికి తిరుగులేదు, రెండడుగులు పైకి లేపితే మాత్రం చెమటలు పడతాయి. ఆమె ఆయనకంటే జానెడు పొడుగు. "ఎంత సేపని ఆ మనిషి కోసం చూస్తాం" అని తనే ఎక్కింది. అలా ఎక్కింది ఇరవై ఏడేళ్ళు దిగలేదు. డ్రిల్లు మెషీను ఎడమచేతిలో, బ్రాకెట్టు కుడిచేతిలో, స్క్రూలు పెదాల మధ్యన. వంకర చూసే రసమట్టం చొక్కా జేబులో ఉన్నా బయటికి తీసేది తక్కువ. కంటితోనే చెప్పేసేది, ఈ గోడ ఎడమకి ఒరిగిందనో, ఈ కిటికీ కట్టినవాడు పొద్దు వాలాక కట్టాడనో.

యాభై మూడో ఏట ఆమెకి కళ్ళు తిరగడం మొదలైంది. ఒకసారి పళ్ళ డాక్టరు క్లినిక్కులో, నిచ్చెన మూడో మెట్టు మీద ఉండగా ఎదురుగోడ ఉన్నట్టుండి తెల్లగా అయిపోయింది. ఎలాగో మెట్టు మీదే కూలబడింది కాబట్టి సరిపోయింది. ఇంకోసారి మార్కెట్లో. మూడోసారి ఇంట్లో, స్నానాలగది గడప దగ్గర పడిపోతే దర్జీ సగం కుట్టిన గుడ్డ మెషీను మీదే వదిలేసి ఆటో పిలిచాడు.

గుండె డాక్టరు కాగితం మీది గీతలు చూపించాడు. "మీ గుండె మధ్యమధ్యలో కొట్టుకోవడం మరిచిపోతోందమ్మా. నిమిషానికి ముప్ఫై ఆరుకి దిగిపోతోంది. పేస్‌మేకర్ పెట్టాలి. చిన్న పెట్టె, చర్మం కింద ఉంటుంది. దాన్నుంచి ఒక తీగ గుండెలోకి వెళుతుంది. గుండె మరిచిపోయినప్పుడల్లా అది గుర్తు చేస్తుంది."

"పని చేసుకోవచ్చా?"

"నిక్షేపంగా చేసుకోవచ్చు."

పెట్టారు. ఎడమ కాలర్ ఎముక కింద, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. మర్నాడు డాక్టరు రౌండుకి వచ్చి, నెలన్నర పాటు ఎడమ చెయ్యి భుజం దాటి లేపకూడదన్నాడు.

"నాది ఎడమచేతి వాటమండీ."

డాక్టరు రాస్తున్నవాడు తలెత్తాడు. "ముందే చెప్పాల్సింది. కుడివైపు పెట్టేవాళ్ళం."

"అడిగితే చెప్పేదాన్ని."

"సరే, ఇప్పుడేం చేస్తాం. జాగ్రత్తగా ఉండండి" అని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆమెకి ఒళ్ళు మండింది కానీ, ప్రాణం నిలబెట్టిన మనిషితో ఏం పోట్లాడతామని ఊరుకుంది.

నెలన్నర పాటు ఆమె చెప్పినమాట విన్నది. కుడిచేత్తో తింది, కుడిచేత్తో పళ్ళు తోముకుంది, కుడిచేత్తో సంతకం పెడితే బ్యాంకువాళ్ళు నమ్మక వెనక్కి పంపారు. దర్జీ రోజూ పొద్దున్నే ఆమెకి తల దువ్వి జడ వేసేవాడు. కర్టెను కుచ్చులు పెట్టినట్టు ఒక్కో పాయా సమానంగా తీసి లాగేవాడు. "అది జుట్టండీ, గుడ్డ కాదు" అని ఆమె కసిరితే నవ్వేవాడు. పక్క వీధిలో కాపురం ఉండే కూతురు సాయంత్రాలు వచ్చి వంట చేసి పెట్టి వెళ్ళేది.

ఏడోవారం నిచ్చెన మళ్ళీ భుజానికెక్కింది. డ్రిల్లు మెషీను ఒంటికి ఆనించకుండా చెయ్యి చాపి పట్టుకోమన్నారు, అలాగే పట్టుకుంది. కళ్ళు తిరగడం లేదు. హమ్మయ్య అనుకుంది.

మూడోనెల్లో ఒక పొద్దున బట్టలు కట్టుకుంటుంటే బ్రా పట్టీ సరిగ్గా పెట్టె మీద పడింది. ఇంతకుముందు పెట్టె పట్టీకి పైన, మెడవైపు ఉండేది. ఇప్పుడు పట్టీ కింద ఒరుసుకుంటోంది. మొగుణ్ణి పిలిచింది.

"చూడండి, ఇది కిందకి దిగిందా, నాకే అలా అనిపిస్తోందా?"

దర్జీ కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. చూసి, తన అలవాటు చొప్పున మెడలోని టేపు తీశాడు. కాలర్ ఎముక నుంచి పెట్టె పైఅంచు దాకా కొలిచాడు. రెండున్నర అంగుళాలు. కొలతల పుస్తకంలో ఎవరిదో హాలు కిటికీ కొలత కింద ఆ అంకె, పక్కన తేదీ వేశాడు.

"ఇదెందుకు రాయడం?"

"రాస్తే ఉంటుంది. వారం పోయాక మళ్ళీ చూద్దాం."

వారం పోయాక రెండుముప్పావు. ఆపై వారం మూడు. ఇద్దరూ ఆస్పత్రికి వెళ్ళారు. డాక్టరు ఆమెని బల్ల మీద పడుకోబెట్టి, రెండు వేళ్ళతో తడిమి చూశాడు.

"బాగానే ఉందమ్మా. పెట్టినచోటే ఉంది."

"జారిందండీ. మా ఆయన కొలిచాడు."

"టేపుతోనా?" డాక్టరు నవ్వాడు. నవ్వులో వెటకారమేమీ లేదు, అదే ఆమెకి ఇంకా ఒళ్ళు మండించింది. "కొంచెం అటూ ఇటూ కదలడం మామూలే. ఒంటికి అలవాటు పడాలి కదా. దాని గురించి అదేపనిగా ఆలోచించకండి."

బయటికొచ్చాక ఆమె మెట్ల మీదే ఆగిపోయింది. "పడుకున్నప్పుడు నిజంగానే పైనే ఉందండీ. నాకూ తెలిసింది. లేచి నిలబడగానే దిగింది."

"ఆ మాట లోపలే చెప్పి ఉండాల్సింది" అన్నాడు దర్జీ.

"చెప్పనిస్తే కదా!"

ఆ నెలాఖరుకి ఒక పిల్లల బడిలో పద్నాలుగు కిటికీల పని ఒప్పుకున్నారు. సోమవారం తల్లిదండ్రుల మీటింగు, ఆలోగా అయిపోవాలని పెద్ద టీచరు మరీమరీ చెప్పింది. మొదటిరోజు ఆరు కిటికీలు అయ్యాయి. రెండోరోజు ఏడో కిటికీ దగ్గర నిచ్చెన మీద ఉండగా ఆమెకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

మామూలు ఎక్కిళ్ళు కావవి. గడియారం ముల్లు కదిలినట్టు ఒకే వేగంతో, ఆగకుండా, పొట్టలోంచి ఎవరో తంతున్నట్టు. నీళ్ళు తాగింది, పోలేదు. ఊపిరి బిగబట్టింది, బిగబట్టిన ఊపిరిలోనూ పొట్ట ఎగురుతూనే ఉంది. కుడిపక్కకి వంగితే ఆగింది, నిటారుగా అవగానే మళ్ళీ మొదలు. పెదాల మధ్యనున్న స్క్రూలు ఒక్కొక్కటీ జారి నేల మీద పడ్డాయి.

పెద్ద టీచరు గుమ్మంలోంచి చూసి, "ఎవరో తలుచుకుంటున్నట్టున్నారక్కా!" అంది.

"తలుచుకునేవాళ్ళెవరో గానీ, కాస్త ఆగమని చెప్పండి" అని ఆమె దిగి, గోడకి ఆనుకుని కూర్చుంది. నాడి చూసుకుంది. ఎక్కిలికీ నాడికీ లెక్క కుదురుతోంది. అప్పుడు భయం వేసింది.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. పెట్టె చంకవైపు జారి బోర్లా పడింది. దాంతో తీగ వెనక్కి లాగబడి, కొస గుండెలో సరైన చోట ఆనడం లేదు. ఆ కొస నుంచి పోయే దెబ్బ పొట్ట పైనుండే పొరకి తగులుతోంది, అందుకే ఎక్కిళ్ళు. ఇదంతా డాక్టరు బాగానే వివరించాడు. ఆ తర్వాత పెన్ను బల్ల మీద పెట్టి అడిగాడు.

"నిజం చెప్పండమ్మా. దాన్ని మీరు తిప్పుతున్నారా?"

"దేన్ని?"

"పెట్టెని. కొంతమందికి తెలియకుండానే అలవాటైపోతుంది. టీవీ చూస్తూనో, ఏదో ఆలోచిస్తూనో చర్మం మీంచి దాన్ని పట్టుకుని తిప్పుతుంటారు."

"నేను ముట్టుకోనైనా ముట్టుకోలేదండీ. నాకదంటేనే చిరాకు. అది జారుతోందని రెండు వారాల క్రితం నేనే కదా వచ్చి చెప్పాను?"

"చెప్పారు. మీ ధ్యాసంతా దాని మీదే ఉందన్నమాట." డాక్టరు తల ఆడించాడు. "తప్పేం కాదు. కానీ చెయ్యి అటు పోకుండా చూసుకోవాలి. తీగ సరిచెయ్యాలంటే మళ్ళీ ఆపరేషను. ప్రస్తుతానికి పెట్టె జోరు తగ్గిస్తాను, ఎక్కిళ్ళు తగ్గుతాయి. తొమ్మిది రోజుల తర్వాత ఆపరేషనుకి రండి. కళ్ళు తిరిగితే మాత్రం అప్పటికప్పుడు వచ్చెయ్యండి. నిచ్చెన ఎక్కొద్దు."

ఫైలు కట్టి ఇచ్చారు. ఆటోలో కూర్చుని ఆమె కాగితాలు తిరగేసింది. సగం ఆమెకి అర్థం కాని రాతే, ఒక లైను మాత్రం స్పష్టంగా ఉంది. రోగి పరికరాన్ని చేత్తో తిప్పుతున్నట్టు అనుమానం. హెచ్చరించడమైనది.

"హెచ్చరించడమైనదట!" అంది. "నేనేమన్నా దొంగతనం చేశానా?"

దర్జీ మెల్లిగా ఆమె కుడిచేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. ప్రేమగానే తీసుకున్నాడేమో. ఆమెకి మాత్రం చెయ్యి అటు పోకుండా పట్టుకున్నట్టు అనిపించింది. విదిలించుకుంది.

ఆ తొమ్మిది రోజులూ ఆమెకి నరకం కనబడింది. ఎక్కిళ్ళు తగ్గాయి కానీ పోలేదు. అన్నం ముందు కూర్చున్నప్పుడు, ఎవరితోనైనా గట్టిగా మాట్లాడినప్పుడు పదో పదిహేనో వచ్చిపోయేవి. మెట్లెక్కితే ఆయాసం. ఇవి చాలవన్నట్టు ఇంట్లో కాపలా మొదలైంది. కూతురు ఫోన్లో చదివి వచ్చింది.

"అమ్మా, ఇలా తిప్పుకోవడానికి ఓ పేరే ఉందట. చాలామందికి తాము చేస్తున్నట్టే తెలీదట."

"నాకు తెలుసు. నేను చెయ్యడం లేదు."

"వాళ్ళూ అలాగే అంటారట."

చేస్తున్నానంటే తప్పు ఒప్పుకున్నట్టు, చెయ్యలేదంటే తెలియక చేస్తున్నట్టు. ఏమన్నా ఆమె మెడకే చుట్టుకుంటోంది. మెడ దగ్గర దురద పెట్టి చెయ్యి లేపితే చాలు, వంటగదిలోంచి "అమ్మా, చెయ్యి!" అని కేక. చొక్కా గుండీ సర్దుకుంటే మొగుడి మెషీను చప్పుడు ఆగిపోయేది. తలెత్తి చూస్తే ఆయన ఇటే చూస్తూ ఉండేవాడు, ఆమె చూడగానే సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల దించేసేవాడు.

నాలుగోరోజు ఆమె ఒంటికాలి మీద లేచింది.

"మీక్కూడా అనుమానమే కదూ?"

"అనుమానం కాదే..."

"మరేంటి? వారం వారం టేపు పట్టుకుని కొలిచింది మీరే కదా! పావు అంగుళం చొప్పున ఎలా దిగిందో మీ పుస్తకంలోనే ఉంది కదా! నేను రోజూ కూర్చుని పావు అంగుళానికి ఎంత తిప్పాలో లెక్కేసుకుని తిప్పానా?"

దర్జీ కత్తెర పక్కన పెట్టి, "డాక్టరు అంత గట్టిగా చెప్పేసరికి..." అన్నాడు.

"నేనూ గట్టిగానే చెబుతున్నాను. నా మాట డాక్టరు మాట కాదు కాబట్టి మీకు వినబడదు!" ఆ మాటతో ఎక్కిళ్ళు అందుకున్నాయి. కోపంగా ఉన్న మనిషికి ఎక్కిళ్ళు రావడమంత అవమానం ఇంకోటి లేదు. ప్రతి తిట్టూ మధ్యలో తెగిపోతోంది. చివరికి తిట్టడం మానేసి పెరట్లోకి వెళ్ళి కూర్చుంది.

అటు బడిలో ఎనిమిది కిటికీలు మిగిలిపోయాయి. పెద్ద టీచరు రెండుసార్లు ఫోన్ చేసింది. శనివారం దర్జీ తనే నిచ్చెన తీశాడు. "నువ్వు కింద నుంచుని చెప్పు చాలు, నేను బిగిస్తాను."

ఆయన రెండు మెట్లు బాగానే ఎక్కాడు. మూడో మెట్టు మీద కాళ్ళు అతుక్కుపోయాయి. ఒక చేత్తో నిచ్చెనని, ఇంకో చేత్తో కిటికీ ఊచని పట్టుకున్నాడు. డ్రిల్లు పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు.

"ఊచ వదలండి."

"వదుల్తాను. ఒక్క నిమిషం."

"కిందకి చూడకండి."

"చూడటం లేదే. కళ్ళు మూసుకున్నాను."

"కళ్ళు మూసుకుని గోడకి చిల్లు ఎలా పెడతారండీ!"

ఆయన వణుకుతూనే పెట్టాడు. ఒక్కో కిటికీకి గంట పట్టింది. సాయంత్రానికి నాలుగయ్యాయి. నాలుగు రాడ్లూ నాలుగు రకాలుగా వంకర. కింద నుంచుని ఆమె అన్నీ చూస్తూనే ఉంది. "కుడిపక్కది అర అంగుళం పైకి" అనబోయి, ఆయన మెడ మీద కారుతున్న చెమట చూసి మింగేసింది. ఆమె ఎడమచేతి వేళ్ళు వాటంతటవే డ్రిల్లు పట్టుకున్నట్టు ముడుచుకుంటున్నాయి. ఆ వంకర రాడ్లకి కర్టెన్లు ఒకపక్క నేలకి ఆని, ఒకపక్క గాల్లో వేలాడాయి. పెద్ద టీచరు చూసి, "పర్లేదులెండి, మీటింగు అక్క మొదట బిగించిన గదుల్లోకి మార్చుకుంటాం" అంది. ఇరవై ఏడేళ్ళలో వాళ్ళ పనికి 'పర్లేదు' అనే మాట వినడం అదే మొదటిసారి. దర్జీ నిచ్చెన మోసుకొస్తుంటే ఆమె రెండడుగులు ముందే నడిచింది.

తొమ్మిదోరోజు పొద్దున ఆస్పత్రికి వెళ్ళేముందు దర్జీ కొలతల పుస్తకం సంచిలో పెట్టాడు. "అదెందుకు?" అంటే, "ఉండనీ" అన్నాడు. అంతకుమించి క్షమాపణ చెప్పడం ఆయనకి రాదు. ఆమె కూడా అడగలేదు.

ఆపరేషనుకి ముందు పేస్‌మేకర్ పరీక్ష చేసే గదిలో కొత్త మనిషి ఉంది. నలభై ఏళ్ళుంటాయి, పొట్టి జుట్టు, గట్టి గొంతు. తీగలు తగిలిస్తూ ఫైలు చూసింది. ఆ లైను దగ్గర వేలు ఆగడం నిచ్చెనక్క కనిపెట్టింది.

"నేను తిప్పలేదు" అంది, ఆవిడ ఏమీ అడగకముందే.

"తిప్పారని నేనన్నానా?" ఆవిడ ఎక్స్‌రే తెర మీద పెద్దది చేసి చూసింది. "మీరేం పని చేస్తారు?"

"కర్టెన్లు బిగిస్తాను. నిచ్చెనెక్కి."

"ఏ చేత్తో?"

ఆ ప్రశ్న వినడానికి నిచ్చెనక్కకి నాలుగు నెలలు పట్టింది. "ఎడమచేత్తో" అంది.

"బ్రా పట్టీ ఎక్కడ పడుతోంది?"

చూపించింది. ఆవిడ లేచి వచ్చింది. "ఒకసారి నిలబడండి. చొక్కా తీసి, మామూలుగా ఎలా నిలబడతారో అలా."

నిలబడింది. చర్మం కింద పెట్టె మెల్లిగా చంకవైపు దిగడం ఇద్దరికీ కనిపించింది.

"మిమ్మల్ని ఇలా నిలబెట్టి ఎవరైనా చూశారా?"

"లేదు. ఎప్పుడూ పడుకోబెట్టే."

"అదీ సంగతి." ఆవిడ పెదవి విరిచింది. "పడుకుంటే అన్నీ సర్దుకుంటాయి. ఆడవాళ్ళకి లేచి నిలబడితే రొమ్ము బరువు కిందకి లాగుతుంది. దాంతోపాటు పెట్టె కూడా దిగుతుంది. మీరు చెయ్యెత్తి చేసే పని, పైన పట్టీ ఒత్తిడి."

దర్జీ గుమ్మం దగ్గర్నుంచి దగ్గి, పుస్తకం చాపాడు. "కొలతలండీ. నిలబెట్టే తీసుకున్నాను. మేం బట్టలకి నిలబెట్టే కొలుస్తాం."

ఆవిడ ఆ పేజీ చదివింది. హాలు కిటికీ, పడకగది కిటికీ, వాటి మధ్యన రెండున్నర, రెండుముప్పావు, మూడు, మూడుంపావు. పుస్తకం పట్టుకుని నేరుగా డాక్టరు గదికి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది, మాటలు వినబడుతున్నాయి.

"తిప్పుకునేవాళ్ళదైతే తీగ తాడులా మెలి పడాలి కదా సార్. దీంట్లో మెలి లేదు. పెట్టె ఒక్కసారి బోర్లాపడింది, అంతే. లోపల కుట్టు ఊడి ఉంటుంది."

"కావచ్చు. తెరిస్తే తెలుస్తుంది" అన్నాడు డాక్టరు.

తెరిచారు. పెట్టెని కండకి పట్టి ఉంచాల్సిన కుట్టు ఊడిపోయి ఉంది. పాత పెట్టె, తీగ తీసేసి, ఈసారి కుడివైపు, చర్మం కింద కాకుండా కండ కింద పెట్టి, రెండుచోట్ల కుట్టారు. మర్నాడు డాక్టరు వచ్చి ఆ మాట చెప్పాడు, వాన పడిందన్నంత మామూలుగా. "కుట్టు ఊడిందమ్మా. ఇప్పుడు గట్టిగా వేశాం."

"అయితే నేను తిప్పలేదు."

"లేదు."

"ఆ మాట మా అమ్మాయితో చెప్పండి."

కూతురు మంచం పక్కనే నిలబడి ఉంది. డాక్టరు ఇబ్బందిగా అటు తిరిగి, "మీ అమ్మగారు తిప్పలేదు" అన్నాడు. కూతురు కళ్ళనీళ్ళు పెట్టుకుని తల్లి పాదం పట్టుకుంది. నిచ్చెనక్క మాత్రం ఇంకా దిగలేదు.

"ఫైల్లో రాసింది కూడా కొట్టేయండి."

"ఒకసారి రాసింది కొట్టడానికి ఉండదమ్మా. కింద ఇంకో లైను రాస్తాను."

"తప్పు రాయడానికి ఉంటుంది, కొట్టడానికి ఉండదా?"

"రూలు అలా ఉంది" అన్నాడాయన. కింద లైను రాశాడు. కానీ ఆయన రాత ఎవరికీ అర్థం కాదు. మొదటి లైను టైపు చేసి ఉంది, ఇది చేత్తో గిలికింది.

దాని ఫలితం మూడునెలల తర్వాత తెలిసింది. పరీక్షకి వెళితే గట్టి గొంతావిడ సెలవులో ఉంది. ఆమె కుర్చీలో ఇంకొకతను. ఫైలు తెరిచి, నవ్వుతూ, "ఓ, మీరేనా? ఈసారి చెయ్యి పెట్టడం లేదు కదా?" అన్నాడు.

నిచ్చెనక్క ఇంటికొచ్చి రెండుపూటలు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత దర్జీ ఆ ఫైలు తీసుకుని వెళ్ళి, గట్టి గొంతావిడ సెలవు నుంచి వచ్చేదాకా మూడుసార్లు తిరిగి, కుట్టు ఊడినందువల్ల పెట్టె జారిందని, రోగి కారణం కాదని టైపు చేయించి, ముద్ర వేయించి తెచ్చాడు. ఆ కాగితాన్ని అన్నిటికంటే పైన పెట్టి కుట్టాడు. పిన్ను కాదు, మెషీను మీదే కుట్టాడు, గట్టి దారంతో. "ఇది ఊడదు" అన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది, చాలా రోజుల తర్వాత.

కొత్త పెట్టె జారలేదు. దర్జీ ఇప్పటికీ నెలకోసారి కొలుస్తాడు. అంకె మారదు. ఎక్కిళ్ళు లేవు, కళ్ళు తిరగడం లేదు. భుజం మీద పడని పట్టీతో ఆయన ఆమెకి లోపలి బనీను ఒకటి కుట్టాడు. అలాంటివి ఇంకో రెండు కావాలని గట్టి గొంతావిడ తన దగ్గరికొచ్చే వేరే ఆడవాళ్ళ కోసం అడిగింది. నిచ్చెనక్క చెయ్యి లేపొచ్చన్న మొదటి వారమే బడికి వెళ్ళి ఆ నాలుగు వంకర రాడ్లూ సరిచేసి, మిగిలిన నాలుగూ బిగించింది, ఎవరూ పిలవకుండానే.

అయినా అంతా మునుపటిలా లేదు. కండ కింద పెట్టింది కాబట్టి కుడిచేత్తో బ్రాకెట్టుని తలకి పైన పట్టుకుని ఎక్కువసేపు ఉంచలేదు. పది నిమిషాలకి రొమ్ము పైభాగం లోపల్నుంచి గుంజుతుంది. డాక్టరునడిగితే అది మామూలే అన్నాడు. ఆ మాట వింటేనే ఆమె పళ్ళు నూరుతుంది. ఇప్పుడు ప్రతి పనికీ దర్జీ కూడా వస్తాడు. నిచ్చెన పట్టుకుంటాడు, పొడుగు కర్ర కొసన పంగ కట్టి కింది నుంచి బ్రాకెట్టుని ఆనించి ఉంచుతాడు. అంతసేపూ ఇంట్లో మెషీను ఊరికే ఉంటుంది.

మొన్న ఒక కొత్త ఇంట్లో మేడమెట్ల పక్కన చాలా ఎత్తు కిటికీ. ఆ ఇంట్లో మొత్తం ఆరు రాడ్లు. నాలుగోది బిగించాక ఆమె దిగి, మెట్టు మీద కూర్చుని కుడి భుజాన్ని మెల్లిగా తిప్పుకుంది. టైము మూడున్నరే. మునుపైతే ఆ వేళకి ఆరూ అయిపోయి, కర్టెన్లు తగిలించి, ఇంటావిడ చేతి కాఫీ తాగుతూ ఉండేది.

"ఇవాళ్టికి చాలండీ" అంది.

దర్జీ కర్ర దించాడు. ఇంటావిడ వంటగదిలోంచి వచ్చింది. "అదేంటి, ఇంకా రెండున్నాయి కదా? సాయంత్రం చుట్టాలొస్తున్నారు."

"రేపు పొద్దున్నే వస్తాను."

"ఈ కాస్తకి రేపటిదాకానా?"

చెయ్యి నొప్పి అని చెప్పొచ్చు. గుండెలో పెట్టె ఉందని చెప్పొచ్చు. చెబితే ఆవిడ ముఖం మారిపోతుంది, కుర్చీ వేస్తుంది, లేనిపోని జాలి పడుతుంది, ఆ తర్వాత ఈవిడ్ని పనికి పిలవచ్చా వద్దా అని ఆలోచనలో పడుతుంది. నిచ్చెనక్క డ్రిల్లు మెషీను తీగ చుట్టడం మొదలుపెట్టింది.

"అవునండీ, రేపే" అంది. "తొమ్మిదింటికల్లా ఉంటాను. ఈలోగా ఆ కుర్చీలు కాస్త ఇవతలికి జరిపించండి."

దర్జీ నిచ్చెన మడిచాడు. ఒక కొస ఆయన, ఒక కొస ఆమె పట్టుకుని, మేడమెట్ల మలుపులో గోడకి గీత పడకుండా జాగ్రత్తగా కిందికి దించారు.